ఊరు పెంచిన ఆటగాడు ఊరు దాటితే



మదనపల్లె టమోటా లారీ ఎక్కి బెంగుళూరు చేరితే, ఎంతో కొంత ధర పండించిన రైతుకు ముడుతుంది. మరి ఒక ఊరు పెంచి పెద్ద చేసిన ఆటగాణ్ణి ఇంకో ఊరి క్లబ్బు తీసుకుపోతే, పెంచిన క్లబ్బుకు ఏం ముట్టాలి? ఈ ప్రశ్నకు జవాబును బెంగుళూరు ఫుట్‌బాల్ చరిత్రలో వెదుకుదాం.

మన సరిహద్దు జిల్లాల వాళ్లకు బెంగుళూరు అంటే పనికీ, చదువుకూ, ఆసుపత్రికీ వెళ్లే ఊరు. ఒకప్పుడు అది గొప్ప ఫుట్‌బాల్ ఊరు కూడా. దండు ప్రాంతంలో తెల్ల సిపాయిలు ఆడుతుంటే చూసి, చుట్టుపక్కల పేటల పిల్లలు ఉత్త కాళ్లతో ఆట నేర్చుకున్నారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు ఏళ్ల తరబడి బ్రిటిష్ పటాలాల చేతుల్లోనే ఉండేది. 1937లో దాన్ని గెలుచుకున్నది బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు. 1938లోనూ, మళ్లీ 1948లోనూ ఆ జట్టే గెలిచింది.

అయితే పేరూ, జనమూ, డబ్బూ ఉన్నది కలకత్తాలో. అక్కడి పెద్ద క్లబ్బుల చూపు దక్షిణాది మీద పడింది. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు కార్యదర్శి జ్యోతిష్ చంద్ర గుహ ఏరికోరి ఐదుగురు ఫార్వర్డులను కూర్చుకున్నారు. వెంకటేష్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాది వాళ్లే. అప్పారావు మన తెలుగువాడు, అహ్మద్ ఖాన్ బెంగుళూరు బిడ్డ. వంగదేశం వాళ్లను పంచపాండవులని పిలుచుకుంది. 1949లో ఆ జట్టు కలకత్తా లీగు, ఐ.ఎఫ్.ఎ. షీల్డు, రోవర్స్ కప్పు మూడూ ఒకే ఏడు గెలిచింది.

అహ్మద్ ఖాన్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఆడాడు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో మనం 10-1తో ఓడినప్పుడు ఆ ఒక్క గోలూ అతనిదే. 2017లో బెంగుళూరులోనే కన్నుమూశాడు.

అతను వెళ్లడం తప్పా? కాదు. ప్రతిభ ఉన్నవాడు పెద్ద మైదానం వెదుక్కుంటాడు. కానీ అప్పట్లో మన ఫుట్‌బాల్ అంతా కాగితం మీద అమెచ్యూర్ ఆటే. ఆటగాడు కొత్త క్లబ్బుకు సంతకం పెడితే పని అయిపోయినట్టే. పాత క్లబ్బుకు మాత్రం చిల్లిగవ్వ రాదు.

హైదరాబాదు ఇంకో దారి చూసింది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగాలు ఇచ్చింది. కోచ్ రహీం చేతుల్లో ఆ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కడుపు నిండే ఉద్యోగం ఉంటే వలస తగ్గుతుంది. కానీ ఉద్యోగం ఇచ్చే స్తోమత చిన్న క్లబ్బుకు ఎక్కడిది?

ఇదే చిక్కు జపానుకూ వచ్చింది. అక్కడ బేస్‌బాల్ అంటే ప్రాణం. 1995లో హిదెయో నోమో అనే బౌలరు, జపాన్ ఆట నుంచి రిటైరైనట్టు ప్రకటించి, ఆ వెసులుబాటుతో అమెరికాలో లాస్ ఏంజెలెస్ జట్టులో చేరాడు. దానితో కంగారుపడి, రెండు దేశాల వాళ్లూ 1998లో ఒక ఒప్పందానికి వచ్చారు. తొమ్మిది సీజన్లు పూర్తయిన ఆటగాడు తన ఇష్టప్రకారం వెళ్లవచ్చు. అంతకంటే ముందే వెళ్లాలంటే సొంత క్లబ్బు ఒప్పుకోవాలి, ఆ క్లబ్బుకు అమెరికా జట్టు సొమ్ము చెల్లించాలి. ఇచిరో సుజుకీ సియాటిల్ జట్టుకు వెళ్లినప్పుడు అతని పాత క్లబ్బుకు సుమారు 1 కోటి 31 లక్షల డాలర్లు వచ్చాయి. 2017లో ఒహ్తానీ వెళ్లినప్పుడు 2 కోట్ల డాలర్లు వచ్చాయి. ఇందులోనూ లోపం లేకపోలేదు. తొమ్మిదేళ్లలోపు ఆటగాడి దారికి తాళంచెవి యజమాని దగ్గరే ఉంటుంది.

ఫుట్‌బాల్ ప్రపంచం 2001లో మరింత సమంజసమైన పద్ధతి పెట్టింది. ఆటగాడు డబ్బుకు విదేశీ క్లబ్బుకు మారితే, ఆ సొమ్ములో నూటికి 5 వంతులు, అతనికి 12 నుంచి 23 ఏళ్ల వయసు మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నీ పంచుకోవాలి. పెంచిన చేతిని గుర్తించే పద్ధతి ఇది.

అయితే ఒక్క షరతు. ఆ కుర్రాడు మీ క్లబ్బులో ఆడినట్టు రిజిస్ట్రేషన్ ఉండాలి. పేరు లేకపోతే వాటా లేదు. కాబట్టి మీ ఊళ్లో పిల్లలకు ఆట నేర్పుతున్న పెద్దలారా, బంతి కొనిచ్చేటప్పుడే పిల్లవాడి పేరు కూడా పద్ధతిగా నమోదు చేయించండి. వాడు రేపు ఎక్కడికైనా వెళ్లనివ్వండి, అడ్డుపడకండి. ఎవరు నేర్పారో మాత్రం కాగితం మీద ఉండనివ్వండి. ఆనాటి బెంగుళూరు క్లబ్బులకు దక్కనిది రేపు మీ ఊరికి దక్కవచ్చు.