మూడు రాష్ట్రాల దారిలో చర్ల

భద్రాచలంలో చర్ల బస్సెక్కి ఎడమ చేతి వైపు కిటికీ పక్కన కూర్చోండి. ఊరు దాటీ దాటగానే ఎటపాక. అది ఆంధ్రప్రదేశ్. ఇంకాస్త పోతే దుమ్ముగూడెం మండలం, మళ్లీ తెలంగాణ. కండక్టరు టికెట్లు కొట్టడం పూర్తికాకముందే రెండు రాష్ట్రాలు చూసేశారు. అక్కణ్నుంచి గోదారి కనిపిస్తూ, మరుగవుతూ ఎడమవైపున మీ వెంటే వస్తుంది. కుడివైపు పొలాలు, వాటి వెనక గుట్టలు, ఆ గుట్టల అవతల ఛత్తీస్‌గఢ్. ఇసుక లారీ ఎదురైనప్పుడల్లా బస్సు రోడ్డు దిగి దుమ్ములో ఆగుతుంది. పర్ణశాల వెళ్లే యాత్రికులు మధ్యలోనే దిగిపోతారు. చివరిదాకా మిగిలేది టీచర్లు, నర్సమ్మలు, పురుగుమందుల సంచులతో రైతులు, ఆసుపత్రి చీటీ కొంగున ముడేసుకుని ఒళ్లో పిల్లాణ్ని నిద్రపుచ్చుతున్న తల్లి. సత్యనారాయణపురం దాటాక అందరూ సంచులు సర్దుకోవడం మొదలుపెడతారు. సుమారు 60 కిలోమీటర్లు వచ్చారు. చర్ల సెంటర్లో దిగండి.

ఇప్పుడు మార్చి నెల. దిగగానే మిర్చి ఘాటు గొంతుకు తగులుతుంది. ఊరు దాటి గోదారి వైపు నడిస్తే కల్లాల నిండా ఎర్రగా కాయ ఆరబోసి ఉంటుంది. దగ్గరికెళ్లి చూడండి. ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయ ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబడిన తాలు ఒక పక్కకు, నిగనిగలాడే కాయ మరో పక్కకు. చేతివేళ్లు మండకుండా కొందరు గుడ్డపీలికలు చుట్టుకున్నారు. దగ్గు ఆపుకోలేక మీరు వెనక్కి తిరిగితే వాళ్లు నవ్వుతారు, చెయ్యి మాత్రం ఆగదు. వీళ్లలో చాలామంది సరిహద్దు అవతలి నుంచి కాయకోతకు వచ్చినవాళ్లే. చేను గట్టునే పట్టాలతో గుడిసెలు, మూడు రాళ్ల పొయ్యి, చెట్టుకు కట్టిన ఉయ్యాల. కోత ముగిసేదాకా అదే ఇల్లు. ఖమ్మం, గుంటూరు యార్డుల్లో పలికే ధర వెనక ఈ వేళ్లున్నాయి.

సంత రోజైతే ఇంకా మంచిది. పొద్దెక్కకముందే అడవి దారుల వెంట జనం దిగుతారు. తట్టల్లో ఎండబెట్టిన ఇప్పపువ్వు, చింతపండు, వెదురు చాటలు. తిరిగి వెళ్లేటప్పుడు అవే తట్టల్లో ఉప్పు, ఎండుచేపలు, సబ్బులు, పిల్లలకు చొక్కాలు. ఇప్పపువ్వు అమ్ముతున్న ఒకామె కాటా దగ్గరకు వంగి ముల్లు వైపే చూస్తోంది. "అన్నా, మళ్లీ తూచు" అంటుంది మెల్లగా. వ్యాపారి మళ్లీ తూస్తాడు. చెట్టుకింద తెల్లారకముందే ఏరుకొచ్చిన పువ్వు అది. ఒక్కో పువ్వుకూ ఒక్కోసారి నడుం వంచింది, అందుకే ముల్లు మీద చూపు. అడవి సరుకు కొనే దళారుల చేతిలో గిరిజనులు మోసపోకూడదనే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. ఆ అవసరం ఇప్పటికీ తీరలేదు.

ఎండలు ముదిరితే తునికాకు కాలం. 50 ఆకులు ఒక కట్ట, 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే ఒక బ్యాగు నిండాలంటే 50 వేల ఆకులు చేత్తో కోసి, పేర్చి, నారతో కట్టాలి. ఆ కొద్దివారాల డబ్బుతోనే చాలా ఇళ్లలో వానాకాలపు విత్తనం కొనేది.

ఊరి నుంచి పెదమిడిసిలేరు వైపు వెళితే తాలిపేరు ప్రాజెక్టు. కట్టమీద నిలబడితే 25 గేట్లు వరసగా కనిపిస్తాయి. ఏరు పుట్టింది ఛత్తీస్‌గఢ్ అడవుల్లో, తడిపేది చర్ల, దుమ్ముగూడెం మండలాల్లోని దాదాపు 25 వేల ఎకరాలను. పూర్తి నీటిమట్టం 74 మీటర్లు. ఆషాఢ శ్రావణాల్లో అవతల వాన పడితే ఇక్కడ గేట్లు లేస్తాయి, కింద గోదారి ఉబ్బుతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంతటి నీళ్లు అదే. అలాంటప్పుడు ఈ ఒక్క రోడ్డు మునిగితే చర్లకు భద్రాచలం దూరమైపోయినట్టే.

చర్ల ఉన్నచోటే ఉంది, పాలించే ఊళ్లే మారాయి. 20వ శతాబ్దం మొదట్లో చర్ల, ఆల్బాక, నూగూరు తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మార్చారు. అలా నాగపూర్ పోయి మద్రాసు వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంతో కర్నూలు, 1956లో హైదరాబాద్. 1959లో తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మం జిల్లాకు, 2014లో తెలంగాణలోకి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి. ఇన్ని మారినా అడవిలోంచి చర్లకు వచ్చే కాలిబాటలు మారలేదు. బీజాపూర్ జిల్లాలోని పామేడు వాళ్లకు తమ జిల్లా కేంద్రం కంటే చర్లే దగ్గర. ఉప్పు కావాలన్నా, జ్వరమొచ్చినా ఇటే వస్తారు.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణాలు అరచేత పట్టుకుని అక్కడి గుత్తికోయ గిరిజనులు ఇదే దారిన వచ్చారు. సల్వాజుడుం చెల్లదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే ఇక్కడి అడవుల్లో వాళ్ల గూడేలు వెలిశాయి. వాటిలో ఒక గూడేనికి వెళ్లి చూడండి. వాగు ఇసుకలో చెలమ తవ్వి, ఊట ఊరేదాకా ఆగి, సొరకాయ బుర్రతో ఒక్కొక్క గుక్కా బిందెలోకి తోడుతుంది పదేళ్ల పిల్ల. ఇంట్లో మాట్లాడేది కోయ, బడికి పోతే చదవాల్సింది తెలుగు.

పత్రికల్లో చర్ల పేరు ఎన్‌కౌంటర్ జరిగితేనో, వరదొస్తేనో కనిపిస్తుంది. మిగిలిన రోజుల్లో ఈ ఊరు చేసే పని ఎవరి లెక్కలోకీ రాదు. దీని సంత, ఆసుపత్రి, బడి, బస్సు రెండు రాష్ట్రాల అడవి మనుషులకు ఆధారం. కాబట్టి చర్ల ఆసుపత్రికి డాక్టర్లను, మందులను, పడకలను కేటాయించేవాళ్లు మండల జనాభా ఒక్కటే చూస్తే సరిపోదు. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లను లెక్కపెట్టాలి. వరదకు మునగని రోడ్డు వేయాలి. గూడేనికొక బోరు, కోయ తెలిసిన టీచరు ఇవ్వాలి. ఇవి దయతో ఇచ్చేవి కావు. మన కూరలో పడే కారానికి మనం తీర్చాల్సిన బాకీ.