ఫోన్ ఎత్తినోడిదే తప్పా?

వినడానికి టైమ్ దొరకనివాళ్ల కోసం ఈ వారం ఎపిసోడ్‌ను రాతలో పెడుతున్నాను. ముందే ఒక మాట. స్టీరింగ్ ముందు కూర్చుని ఇది చదువుతుంటే, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా సరే, ఫోన్ పక్కన పెట్టండి. రాత ఎక్కడికీ పోదు. రూముకు పోయాక చదువుకోవచ్చు.

ఈ వారం విషయం అదే: బండి నడుపుతూ ఫోన్ మాట్లాడటం. "దీంట్ల చరిత్ర ఏముందన్నా, ముఖాలఫా పడ్తది, గంతే గదా" అన్నాడు మా రూములో తమ్ముడు. ఉంది తమ్మీ. దగ్గర దగ్గర వందేళ్ల చరిత్ర ఉంది. అందులో మన గల్ఫోళ్ల ముచ్చట కూడా ఉంది.

నేనుండేది మదీనత్ అల్ షమాల్‌లో. ఖతార్ మ్యాప్‌లో పైన కొసకు చూస్తే అదే. దోహా నుంచి వంద కిలోమీటర్ల పైనే. ఒక దిక్కు రువైస్ రేవు, ఇంకో దిక్కు జుబారా కోట. కంపెనీ బస్సు నడుపుతాను. పొద్దున నాలుగున్నరకు క్యాంపులో మనుషుల్ని ఎక్కించుకుని అల్ షమాల్ రోడ్డు ఎక్కితే, ఐదుంబావుకల్లా సైటు దగ్గర దింపాలి.

2023 ఆగస్టు ఆఖర్లో ఇక్కడి హోం శాఖ ఒక ప్రకటన చేసింది, మీకు గుర్తుండే ఉంటుంది. సీటు బెల్టు పెట్టుకోనివాళ్లను, చేతిలో ఫోన్ ఉన్నవాళ్లను ఇకనుంచి రాడార్ కెమెరాలే పట్టుకుంటాయని, సెప్టెంబర్ 3 నుంచి జరిమానాలు పడతాయని. కొన్ని వారాలకే నా మెట్రాష్‌లో కనబడింది: 500 రియాల్. టైమ్ చూస్తే పొద్దున ఐదు దాటి కొన్ని నిమిషాలు.

ఆ టైమ్‌కు నా ఫోన్‌లో రెండు కాల్స్ ఉన్నాయి. ఒకటి ఫోర్‌మన్‌ది. "కిదర్ హై?" అని. ఇంకోటి జగిత్యాల దగ్గర మా ఊరినుంచి, నా బిడ్డది. రెండూ ఎత్తాను. కెమెరాకు దొరికింది ఏ కాలో నాకిప్పటికీ తెలియదు. ఫోర్‌మన్‌తో చెబితే, "ఎత్తమని ఎవరన్నారు?" అన్నాడు. ఎత్తకపోతే ఏమంటాడో నాకు తెలుసు. కంపెనీ ఆ 500 జీతంలో కోసింది. 2021 మార్చి నుంచి ఇక్కడ అమల్లో ఉన్న కనీస మూల వేతనం 1,000 రియాల్. అంటే ఒక్క కాల్ ఖరీదు సగం నెల.

డబ్బుల బాధ ఒకటైతే, దానికన్నా పెద్దది ఇంకోటుంది. ఆ పొద్దున బిడ్డతో మాట్లాడుతుండగా ముందు పోతున్న ట్రెయిలర్ స్లో అయింది. నేను లేటుగా చూసి బ్రేక్ తొక్కాను. సీట్ల కింద టిఫిన్ డబ్బాలన్నీ ముందుకు జారొచ్చాయి. ఎవరికీ ఏం కాలేదు. కానీ నా బిడ్డ ఏం చెప్పిందో గుర్తులేదు, ఆ ట్రెయిలర్ ఎప్పుడు స్లో అయిందో కూడా గుర్తులేదు. అదీ సగమే విన్నాను, ఇదీ సగమే చూశాను. తప్పు నాదే, కాదనడం లేదు. కానీ నా ఒక్కడిదేనా? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి పోయి చదవడం మొదలుపెట్టాను.

ఈ గొడవ ఫోన్‌తో మొదలుకాలేదు, రేడియోతో మొదలైంది. 1930లో అమెరికాలో గాల్విన్ కంపెనీ మోటరోలా అనే పేరుతో కారులో పెట్టుకునే రేడియో అమ్మింది. పాట వింటూ నడిపితే డ్రైవర్ ధ్యాస చెదురుతుందని, నిషేధించాలని అక్కడ కొన్ని చోట్ల ప్రతిపాదనలు వచ్చాయి. రేడియో ఉంటే నిద్ర రాదని ఇంకొందరు వాదించారు. చివరికి రేడియోనే గెలిచింది.

1946 జూన్ 17న సెయింట్ లూయిస్ నగరంలో బెల్ కంపెనీ కారు ఫోన్ సర్వీసు మొదలుపెట్టింది. సామాను దాదాపు 36 కిలోలు. ఆపరేటర్ కలిపితేనే కాల్. దాన్ని వాడినవాళ్లలో విలేకరులున్నారు, లారీలు తిప్పే కంపెనీలున్నాయి. అంటే బండిలో ఫోన్ పెట్టిన తొలిరోజుల నుంచే దాని పనుల్లో ఒకటి, డ్రైవర్ ఎక్కడున్నాడో యజమాని తెలుసుకోవడం. మా ఫోర్‌మన్ అడిగే "కిదర్ హై" నిన్న పుట్టింది కాదు.

చేతిలో పట్టుకునే సెల్‌ఫోన్ 1973లో వచ్చింది. దానికన్నా నాలుగేళ్ల ముందే, 1969లో, ఇంగ్లండ్‌లో బ్రౌన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు ఒక పరీక్ష చేశారు. 24 మంది డ్రైవర్లు ఫోన్‌లో ప్రశ్నలకు జవాబు చెబుతూ సందుల్లోంచి కారు తీసుకుపోవాలి. కొన్ని సందుల్లో కారు పడుతుంది, కొన్నింట్లో పట్టదు. స్టీరింగ్ తిప్పడం పెద్దగా చెడలేదట. చెడింది, పడుతుందా పట్టదా అనే అంచనా. చెయ్యి బాగానే ఉంది, బుర్ర బిజీగా ఉంది. ఆ రోజు నేను ట్రెయిలర్ వెనకాల చేసింది అదే.

1997లో కెనడాలో రెడెల్‌మైయర్, టిబ్షిరాని అనే ఇద్దరు ఇంకో పని చేశారు. యాక్సిడెంట్ అయిన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులు తెప్పించి చూశారు. ఫోన్ వాడుతున్న సమయంలో గుద్దుకునే ప్రమాదం నాలుగింతలని తేలింది. చేతిలో పట్టుకోకుండా మాట్లాడే ఫోన్ వల్ల అదనపు రక్షణేమీ కనబడలేదన్నారు. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది. యాక్సిడెంట్ అయ్యాక చాలామందికి సాయం తెచ్చింది కూడా ఆ ఫోనే.

అందరూ దీనికి ఒప్పుకోలేదు. 2009లో అమెరికాలో వర్జీనియా టెక్ వాళ్లు నిజం లారీల్లో కెమెరాలు పెట్టి చూశారు. చేతిలో లేకుండా ఊరికే మాట్లాడితే ప్రమాదం పెరిగినట్టు వాళ్లకు కనబడలేదు. మెసేజ్ కొట్టేటప్పుడు మాత్రం 23 రెట్లు. ఆరు సెకన్లలో దాదాపు నాలుగున్నర సెకన్లు కళ్లు రోడ్డు మీద లేవు. మన షమాల్ రోడ్డు మీద 120లో పోయే కారు సెకనుకు 33 మీటర్లు పోతుంది. నాలుగున్నర సెకన్లంటే 150 మీటర్లు, కళ్లు మూసుకుని నడిపినట్టు.

మాట్లాడటం ఎంత ప్రమాదం అన్న దగ్గర వాదన ఇంకా తెగలేదు. తెర చూడటం దగ్గర మాత్రం వాదనే లేదు.

చట్టాలు ఏం చేశాయి? జపాన్ 1999లో, న్యూయార్క్ రాష్ట్రం 2001లో, బ్రిటన్ 2003 డిసెంబర్‌లో చేతిలో ఫోన్‌ను నిషేధించాయి. ఖతార్‌లో 2007 నాటి 19వ నంబర్ ట్రాఫిక్ చట్టం చేతిలో ఫోన్ వాడటాన్ని, తెర చూస్తూ నడపడాన్ని తప్పన్నది. అన్నీ చెయ్యి చుట్టే తిరుగుతాయి. ఎందుకంటే పోలీసుకైనా కెమెరాకైనా చెయ్యి కనబడుతుంది, బుర్ర కనబడదు. ఫోన్ అవతల ఉన్న మనిషి అసలే కనబడడు.

మన దేశంలోనూ ఇంతే. 1995 జూలై 31న తొలి మొబైల్ కాల్ వచ్చింది. డ్రైవింగ్‌లో చేతి ఫోన్ అనే మాట మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్‌లోకి రావడానికి 2019 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. మొదటిసారికి జరిమానా వెయ్యి నుంచి ఐదు వేల దాకా, జైలు కూడా పడొచ్చు. పెంచిన జరిమానాలు జనానికి భారమని తెలంగాణ ప్రభుత్వం అప్పట్లో అమలుకు ఒప్పుకోలేదు. 2020 అక్టోబర్ నుంచి దారి చూసుకోవడానికి మాత్రం చేతి ఫోన్ వాడొచ్చని నిబంధన మార్చారు, అదీ ధ్యాస చెదరకుండా. ఇక మన మలయాళీ దోస్తులు ఇప్పటికీ చెప్పుకునే తీర్పు ఒకటుంది. 2018 మేలో కేరళ హైకోర్టు, డ్రైవింగ్‌లో ఫోన్ మాట్లాడినంత మాత్రాన, జనానికి ప్రమాదం కలిగించకపోతే, ఆ రాష్ట్ర పోలీసు చట్టం కింద నేరం కాదన్నది. చట్టంలో రాయని నేరం ఎలా మోపుతారని కోర్టు ప్రశ్న. ప్రమాదం జరిగాక నేరమైతే ఏం లాభమని జనం ప్రశ్న. రెండూ న్యాయంగానే ఉన్నాయి.

ఇప్పుడొక కష్టమైన ముచ్చట. మాసాయిపేట. 2014 జూలై 24, పొద్దున. మెదక్ జిల్లాలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూల్ బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ గుద్దింది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. డ్రైవర్ కూడా పోయాడు. ఆయన ఫోన్‌లో ఉన్నాడని ఆ రోజుల్లో వార్తలు వచ్చాయి. మన ఊళ్లల్లో అందరికీ గుర్తున్నది అదే: డ్రైవర్ ఫోన్ మాట్లాడిండట.

నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆ గేటు దగ్గర కాపలా మనిషి లేడన్నది కూడా నిజమే. దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అలాంటి గేట్లు లేకుండా చేశామని రైల్వే చెప్పింది 2019 జనవరికి. ఒక మనిషి పొరపాటు చేస్తే అంతమంది పిల్లలు పోయేంత ఖాళీ అక్కడ ఎందుకు ఉండింది? డ్రైవర్‌ను తిట్టుకోవడం తేలిక, చనిపోయినవాడు జవాబు చెప్పలేడు. నేను ఆయన్ని వెనకేసుకు రావడం లేదు. నా బస్సులో కూడా మనుషులున్నారు, వాళ్లకూ పిల్లలున్నారు. నేననేది ఒక్కటే. తప్పుకు ఒక్క పేరే పెట్టి ఊరుకుంటే ఆ తప్పు మళ్లీ జరుగుతుంది.

ఇక మన సంగతి. 1980ల్లో, 90ల్లో గల్ఫ్‌కు వచ్చిన మన పెద్దలు ఉత్తరం రాసి నెల రోజులు జవాబు కోసం చూసేవాళ్లు. ఊరికి పోయేవాడి చేతిలో మాటలు నింపిన క్యాసెట్ పంపేవాళ్లు. తర్వాత పక్కింటి ఫోన్, మనం పీపీ నంబర్ అనేవాళ్లం. శుక్రవారం కార్డు గీకి ఫోన్ చేస్తే, ఇంటివాళ్లు పక్కింట్లో నిలబడి మాట్లాడేవాళ్లు. అప్పుడు మాటకు ఒక టైమ్ ఉండేది. ఇప్పుడు ఐఎంఓ వచ్చింది, వాట్సాప్ వచ్చింది, మాటకు టైమ్ లేకుండా పోయింది. అది మనకు దక్కిన అదృష్టం, నేను కాదనను. కానీ ఇక్కడొక లెక్క చూడండి. ఇండియా మనకన్నా రెండున్నర గంటలు ముందు. మనకు పొద్దున ఐదంటే అక్కడ ఏడున్నర, పిల్లలు బడికి తయారై ఉంటారు. మనకు సాయంత్రం ఆరంటే అక్కడ ఎనిమిదిన్నర, తిని పడుకునే వేళ. ఇంటివాళ్లకు మనం యాదికొచ్చే ఆ రెండు టైముల్లోనే మన బస్సులన్నీ రోడ్డు మీద ఉంటాయి. నా బిడ్డ తప్పేం లేదు, ఆమెకు తీరేది అప్పుడే.

డెలివరీ బండి నడిపే తమ్ముళ్ల సంగతి ఇంకా కష్టం. వాళ్లకు పని చెప్పేదే ఫోన్. ఆర్డర్ అందులోనే, దారి అందులోనే. ఫోన్ చూడొద్దు అనే చట్టం ఒకవైపు, చూడకపోతే పూట గడవదు అనే పని ఒకవైపు.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. 2024 జూన్ నుంచి ఖతార్‌లో పాత ముఖాలఫాల మీద సగం మాఫీ ఇచ్చారు. దాంతోపాటే ఒక నిబంధన పెట్టారు. 2024 సెప్టెంబర్ 1 నుంచి ట్రాఫిక్ జరిమానాలు బాకీ ఉన్నవాళ్లు అవి కట్టేదాకా దేశం దాటలేరు. ఇంట్లో ఎవరికో బాగాలేదని రాత్రికి రాత్రి టికెట్ కొన్నవాడిని ఎప్పుడో ఎత్తిన కాల్ ఎయిర్‌పోర్టులో ఆపొచ్చు. నెలకోసారి మెట్రాష్ చూసుకోండి.

నేనేం చేశానంటే, ఇప్పుడు బస్సు ఎక్కగానే నా ఫోన్ ముందు సీట్లో కూర్చునే రాయచోటి పెద్దాయన చేతికిచ్చేస్తాను. ఫోర్‌మన్ ఫోన్ చేస్తే ఆయనే ఎత్తి, తనకొచ్చిన హిందీలో ఎక్కడున్నామో చెబుతాడు. మొదటి వారం ఫోర్‌మన్ గట్టిగానే అరిచాడు. వెనకున్న మనుషులంతా "డ్రైవర్‌కు ఫోన్ ఇయ్యం" అన్నాక అలవాటుపడ్డాడు. ఇంటినుంచి వస్తే, "మీ నాయన బండి తోల్తా ఉండాడు మా, దిగినాక చేస్తాడు" అంటాడు. దిగాక నేను చేసేసరికి నా బిడ్డ ఒక్కోసారి బడికి వెళ్లిపోయి ఉంటుంది. అది బాధే. కానీ చెప్పాల్సింది ఆయనకు చెప్పి పోతుంది. ఇప్పుడు ఆయన్ని తాతా అంటోంది.

మీ బండిలో, మీ సైట్‌లో మీరేం చేస్తున్నారో వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాను. బండి ఆపాక పెట్టండి. ఉంటానన్నా.