పాత ఫొటోల్లో మన పెద్దల ముఖాలు ఎందుకు నల్లబడ్డాయి?

మన తెగల గురించి అచ్చయిన పాత పుస్తకాలు తెరిచి చూడండి. ఫొటోలో తలపాగా తెల్లగా మెరుస్తుంటుంది. మెడలో పూసలు కనిపిస్తాయి. వెనక గుడిసె కప్పు మీద గడ్డి పరకలు లెక్కపెట్టవచ్చు. ముఖం మాత్రం చాలాసార్లు నల్లటి మచ్చలా ఉంటుంది. కళ్లు ఎక్కడున్నాయో, ఆ మనిషి నవ్వుతున్నాడో భయపడుతున్నాడో తెలియదు. తరగతిలో ఇలాంటి ఫొటో చూపిస్తే పిల్లలు అడిగే మొదటి మాట, "సార్, మన తాతలు ఇట్లనే ఉండేటోళ్లా?" అని.

ఒంటి రంగు నలుపు కావడంలో చిన్నతనం ఏమీ లేదు. చూపు, నవ్వు, నుదుటి గీతలు పోవడమే నష్టం. అవి పోతే మనిషి పోయి బొమ్మ మిగులుతుంది. ఆ నలుపు వెనక ఒక లెక్క ఉంది. లైట్ మీటరు చేతిలో లేని రోజుల్లో ఫొటో తీసేవాళ్లు కంటితో చూసి వేసిన వెలుగు లెక్క అది. ఆ లెక్క తెలిస్తే పాత ఫొటోలను మనం వేరుగా చదవగలం. చరిత్ర చెప్పే ఉపాధ్యాయులకు ఇది అవసరమైన చదువు.

కంటితో వేసిన లెక్క

మడికి నీళ్లు పెట్టేటప్పుడు రెండు సంగతులు చూస్తాం. మడవ ఎంత వెడల్పు తీశాం, ఎంతసేపు తీసి ఉంచాం. ఫిల్ముకు వెలుగు పెట్టడమూ అంతే. కెమెరా కటకంలో ఉండే రంధ్రం ఎపర్చర్. అది తెరిచి ఉండే సమయం షట్టర్. ఎపర్చర్ మీద 16, 11, 8, 5.6, 4 అని అంకెలుంటాయి. అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. ఒక్కో మెట్టు దిగితే వెలుగు రెట్టింపు అవుతుంది. వెలుగు చాలకపోతే నెగటివ్ మీద ఏమీ పడదు. మరీ ఎక్కువైతే తెల్లటి భాగాలు తెల్లగానే కలిసిపోతాయి.

1839లో ఫ్రాన్సులో డాగేర్ పద్ధతి బయటికి వచ్చినప్పుడు ఒక్క బొమ్మకు నిమిషాలు పట్టేది. ఫొటోగ్రాఫరు కటకం మూత చేత్తో తీసి, అంకెలు లెక్కపెట్టి, మళ్లీ మూసేవాడు. 1888లో ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా తెచ్చాక మామూలు జనం కూడా ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. 1890లో ఇంగ్లండులో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు ప్లేట్ల వేగాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. వెలుగు తగిలితే సూది కదిలే విద్యుత్ మీటర్లు 1930ల మొదట్లో అమెరికాలో వెస్టన్ కంపెనీ నుంచి వచ్చాయి. అవి ఖరీదైనవి. కాబట్టి ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు చాలామందికి కన్నే మీటరు.

ఆ కంటికి సాయంగా ఫిల్ము డబ్బాలో ఒక చిన్న కాగితం వచ్చేది. అందులో ఎండ రకాలు, వాటి పక్కన అంకెలు. దాని మూలసూత్రం ఇది. మంచి ఎండలో ఎపర్చర్ 16 దగ్గర పెట్టు, ఫిల్ము వేగం ఎంతో సెకనులో అన్నో వంతు షట్టర్ పెట్టు. 100 వేగం ఫిల్ముకు సెకనులో 100వ వంతు. షట్టర్‌ను కదపకుండా, పలచని మబ్బు చాటు ఎండకు 11, మబ్బు పట్టినా వెలుతురు బాగుంటే 8, ముసురుకూ చెట్టు నీడకూ 5.6. ఎండ నుంచి నీడకు వస్తే మూడు మెట్లు, అంటే వెలుగు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ఇక్కడే చిక్కు. ఎనిమిదో వంతుకు పడిపోయినట్టు మన కంటికి అనిపించదు. పాప పెద్దదవుతుంది, చూపు సర్దుకుంటుంది, నీడలో ఉన్న మనిషి కూడా మనకు బాగానే కనిపిస్తాడు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు వెలుతురును నేరుగా నమ్మరు, నేల మీద నీడను చూస్తారు. నీడ అంచు కత్తితో కోసినట్టు ఉంటే 16. అంచు మెత్తబడితే 11. నీడ ఉందా లేదా అన్నట్టుంటే 8. నీడే పడకపోతే 5.6. నీడను చూసి పొద్దు చెప్పడం మన పెద్దలకు కొత్త కాదు. "బారెడు పొద్దెక్కింది" అనడం వెలుగును కొలవడమే. ఎర్రటి ఎండ, నీరెండ, మబ్బు, చెట్టు నీడ, మునిమాపు అని వరసగా చెప్పుకుంటే ఆ డబ్బా కాగితం మన మాటల్లోనే ఉన్నట్టు.

పెద్ద పేరున్నవాళ్లకూ ఈ కంటి లెక్క పనికొచ్చింది. 1941లో అమెరికాలోని న్యూ మెక్సికోలో ఆన్సెల్ ఆడమ్స్ ఒక ఊరి మీద చంద్రోదయాన్ని ఫొటో తీయబోతే ఆయనకు మీటరు దొరకలేదు. చంద్రుడి వెలుగు ఎంతో ఆయనకు ముందే తెలుసు. దాన్నిబట్టి లెక్క కట్టి తీశాడు. అది ప్రపంచ ప్రసిద్ధ చిత్రమైంది.

ముఖం దగ్గర లెక్క ఎందుకు తప్పుతుంది?

తెల్లటి నూలు గుడ్డ తన మీద పడ్డ వెలుగులో నూటికి సుమారు 80 వంతులు తిప్పి పంపుతుంది. ముదురు రంగు చర్మం సుమారు 10 నుంచి 15 వంతులు పంపుతుంది. ఒకే మనిషి మీద తెల్ల తలపాగా, దాని కింద ముఖం ఉన్నాయంటే ఆ రెంటికీ మధ్య సుమారు ఐదు నుంచి ఎనిమిది రెట్ల తేడా ఉన్నట్టు. మిట్ట మధ్యాహ్నం అయితే ఎండ నడినెత్తి మీద ఉంటుంది. నుదురు మెరుస్తుంది, కళ్ల గుంటలు, బుగ్గలు నీడలో పడతాయి. ఎండను మాత్రమే చూసి 16 పెడితే తలపాగా చక్కగా వస్తుంది, ముఖం రాదు.

దీనికి మందు కూడా ఆ రోజుల్లోనే తెలుసు. ఎండ పక్క నుంచి పడితే ఒక మెట్టు, వెనక నుంచి పడితే రెండు మెట్లు ఎక్కువ వెలుగు ఇవ్వమని డబ్బా కాగితాలు, ఫొటో పుస్తకాలు చెప్పేవి. నెగటివ్ ఫిల్ము రెండు మెట్లు ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. కాబట్టి ఎపర్చర్‌ను 8కి తెరిచి ఉంటే చాలా ముఖాలు దక్కేవి. తెరవాలని అనిపించాలంటే ఫొటో తీసేవాడికి ముఖం ముఖ్యం కావాలి. పూసలు, విల్లు, గుడిసె కోసం వచ్చినవాడికి అవి వస్తే చాలు.

ఇంకో కారణం ప్లేట్లలోనే ఉంది. 19వ శతాబ్దపు ప్లేట్లు ముఖ్యంగా నీలి వెలుగునే పట్టేవి. ఎరుపు వాటికి కనిపించేది కాదు. మన చర్మం నీలం కన్నా ఎరుపు వెలుగును ఎక్కువగా తిప్పి పంపుతుంది. అందువల్ల ఆ ప్లేట్ల మీద మన చర్మం ఉన్నదానికన్నా నల్లగా పడింది, ఎర్ర చీర నల్ల చీరయింది, నీలాకాశం తెల్ల కాగితంలా మిగిలింది. అన్ని రంగులనూ పట్టే ప్లేట్లను 1906లో ఇంగ్లండులోని వ్రాటన్ అండ్ వైన్‌రైట్ కంపెనీ అమ్మకానికి తెచ్చింది. అవి అందరి చేతికీ రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

మన ప్రాంతపు ఫొటోలు

1868 నుంచి 1875 వరకు బ్రిటిష్ ప్రభుత్వం "ది పీపుల్ ఆఫ్ ఇండియా" పేరుతో ఎనిమిది సంపుటాల ఫొటోల పుస్తకం వేసింది. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. మనుషుల తలలనూ ముక్కులనూ పరికరాలతో కొలిచిన కాలం అది. ఫొటో కూడా ఆ కొలతల్లో ఒకటి. చాలా బొమ్మల కింద తెగ పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు. పేరు అడగని చోట ముఖం కూడా నల్లబడితే ఆ మనిషిని గుర్తుపట్టే దారి రెండువైపులా మూసుకుపోయినట్టే.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో మనవాళ్ల మధ్య ఉన్నారు. చెంచులు, కొండరెడ్లు, రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకాలు 1943, 1945, 1948లలో వచ్చాయి. ఆయన తీసిన వేల ఫొటోలు, సినిమా రీళ్లు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో ఉన్నాయి. వచ్చి చూసి వెళ్లిపోయేవాడికీ, ఊళ్లో కాపురం ఉండేవాడికీ వెలుగు దగ్గర కూడా తేడా ఉంటుంది. కాపురం ఉన్నవాడు మధ్యాహ్నం పోయి నీరెండ వచ్చేదాకా ఆగవచ్చు, మనిషి బెరుకు తగ్గేదాకా ఆగవచ్చు.

ఆ తర్వాత ఏజెన్సీ పట్నాల్లో స్టూడియోలు వచ్చాయి. తూర్పు జర్మనీ నుంచి ఓర్వో ఫిల్ము, ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ నుంచి ఇందు ఫిల్ము వచ్చేవి. ఆగ్ఫా క్లిక్ లాంటి పెట్టె కెమెరాల్లో మీటరు లేదు, ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు ఉండేవి. మన ఆశ్రమ పాఠశాలల పాత గ్రూపు ఫొటోలు చాలావరకు ఇలాంటి కంటి లెక్కతో తీసినవే. ముందు వరసలో తెల్ల చొక్కాల అధికారులు ఎండలో కుర్చీల్లో ఉంటారు. పిల్లలు వెనక చెట్టు నీడలో నిలబడి ఉంటారు. లెక్క ఎవరికి సరిపోయిందో ఫొటో చూస్తే తెలుస్తుంది.

మనం చేయగలిగిన పని

పాత ఫొటో చేతికి వస్తే ముందు నేల మీద నీడ చూడండి. పొట్టిగా ఉంటే మధ్యాహ్నం, పొడుగ్గా ఉంటే ఉదయమో సాయంత్రమో. ఆకాశం మరీ తెల్లగా ఉంటే అది నీలి వెలుగును మాత్రమే పట్టే ప్లేటు కావచ్చు. అప్పుడు ముఖం నలుపును, చీర నలుపును ఉన్నది ఉన్నట్టుగా నమ్మకండి.

ఇంట్లో, స్టూడియోలో నెగటివ్ దొరికితే పారేయకండి. దాన్ని కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ముఖం ఉన్న చోటు చూడండి. అక్కడ పలచని గీతలైనా కనిపిస్తే ఆ ముఖం ఇంకా బతికే ఉంది. అచ్చు వేసినవాడు తొందరలో చొక్కాకు తగ్గట్టు వేసి ఉంటాడు. శ్రద్ధగా స్కాన్ చేయిస్తే కళ్లు, చూపు బయటికి వస్తాయి. ముఖం చోటు అద్దంలా ఖాళీగా ఉంటే మాత్రం అక్కడ వెలుగు పడలేదు, ఇక రాదు. అప్పుడు మిగిలేది పెద్దల జ్ఞాపకం ఒక్కటే. నిలబడ్డ తీరు, కడియం, కర్ర పట్టుకున్న చేయి చూసి "ఇది ఫలానా వాళ్ల తాత" అని చెప్పగలిగేవాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు. వాళ్లు చెప్పిన పేరు, ఊరు ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి.

పిల్లలను బడి ఆవరణలోకి తీసుకెళ్లి నీడ అంచు చూసి 16, 11, 8, 5.6 చెప్పించండి. తర్వాత సెల్‌ఫోనులో ఒకసారి తెల్ల చొక్కా మీద, ఒకసారి ముఖం మీద వేలు పెట్టి అదే మనిషిని తీయించండి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే పాఠం వాళ్లకే అర్థమవుతుంది. రేపు ఊళ్లో జాతరనో, గ్రామసభనో, అవ్వనో తీయబోయేది ఆ పిల్లలే. వేలు ముఖం మీద పెట్టమనండి. పేరు అడిగి రాసుకోమనండి.