టెస్ తప్పెంత?

కథ చెప్పమంటే చెప్పాను గానీ, అంత తగాదా అవుతుందనుకోలేదు సుమండీ!

మొన్న చైత్రంలో నరసింహస్వామి జాతరకని బెజ్జంకి వెళ్ళాను. సాయంత్రం గుట్ట దిగివచ్చి మేనత్త ఇంటి అరుగు మీద చేరాం. పక్కింటావిడ ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. "నవలలు రాస్తవు గదా, మంచి కత ఒకటి చెప్పరాదు" అంది అత్త. బి.ఏ.లో చదువుకున్న 'టెస్' గుర్తొచ్చింది. థామస్ హార్డీ నవల, 1891 నాటిది.

తాగుబోతు తండ్రి, ఇంటినిండా పిల్లలు. ఇంటికి ఆధారమైన గుర్రం చచ్చిపోతే, ఆ పాపం తనదేననుకుని పెద్దపిల్ల టెస్ ఓ డబ్బున్న ఇంటికి పనికి వెళుతుంది. ఆ ఇంటి కుర్రాడు అలెక్ ఆమెను పాడుచేస్తాడు. పుట్టిన బిడ్డ పోతుంది. కొన్నాళ్ళకు పాలపనికి చేరినచోట ఏంజెల్ అనే చదువుకున్నవాడు ఇష్టపడి పెళ్ళాడతాడు. తొలిరాత్రి అతను తన పాత తప్పు ఒకటి ఒప్పుకుంటాడు. ఆమె వెంటనే క్షమించి, తన సంగతీ చెబుతుంది. అతను మాత్రం క్షమించలేక దేశం విడిచిపోతాడు. చివరికి ఆమె అలెక్‌ను చంపి ఉరికంబం ఎక్కుతుంది.

"చెప్పుడెందుకు? తల్లి ముందే వద్దన్నది గదా!" అంది బీడీలావిడ చప్పున.

"చెప్పకుంట కాపురం చేస్తే మోసం కాదా? ఆయన తప్పు తప్పు కాదు గని, ఈమెది మాత్రం తప్పా?" అంది అత్త కోడలు. బళ్ళో టీచరు లెండి.

"అన్నీ ఓర్చుకున్నది, మళ్ల గా పాపాత్ముని దగ్గరికే ఎందుకు పోయింది?" అంది అత్త.

"తల్లి, చిన్నపిల్లలు బజార్ల పడితే ఏడికి పోతది అక్కా? మనం గా బాధ పడలేదు గన్క అంటున్నం."

మూల మంచం మీదున్న పెద్దమ్మ, అంటే అత్త తోడికోడలు, ఒక్క మాటా అనలేదు.

నాకు నవ్వొచ్చింది. నూట ముప్పై ఏళ్ళ కిందట లండన్‌లోనూ సరిగ్గా ఈ తగాదాయే మరి! పుస్తకం అచ్చు కాకముందే మొదలైంది. ముందు ఒప్పుకున్న పత్రికల సంస్థ కొంతభాగం చూసి వెనక్కి తగ్గింది. రెండు మాసపత్రికలు కాదన్నాయి. చివరికి 'గ్రాఫిక్' వారపత్రిక వేసింది గానీ, ఎన్ని కత్తిరింపులు! బిడ్డను తీసేశారు. అలెక్ చేసిన దుర్మార్గం బదులు ఓ దొంగపెళ్ళి పెట్టారు. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, నీళ్ళు నిండిన దారిని ఏంజెల్ నలుగురమ్మాయిలను ఒక్కొక్కరినే ఎత్తుకుని దాటిస్తాడు. అది సభ్యంగా లేదని, హార్డీచేత తోపుడుబండి తెప్పించి అందులో దాటించారు! వారపత్రికలకు రాసేదాన్ని కనుక ఆ ఎడిటరు భయం నాకు కొంచెం అర్థమవుతుంది.

పుస్తకంగా వేసేటప్పుడు హార్డీ తీసేసినవాటిని చాలావరకు తిరిగి పెట్టాడు. పైగా అట్ట లోపల టెస్‌ను 'పవిత్రమైన స్త్రీ' అన్నాడు. అదీ నిప్పు! బిడ్డను కని, హత్య చేసినది పవిత్రురాలెట్లా అవుతుందని పెద్దమనుషులు మండిపడ్డారు. 1892లో 'క్వార్టర్లీ రివ్యూ'లో దుమ్మెత్తిపోసిన మౌబ్రే మోరిస్, అంతకుముందు తన పత్రికకు ఆ నవల వద్దన్న ఎడిటరే. ఇంకోవైపు పుస్తకాన్ని గుండెలకు హత్తుకున్నవాళ్ళూ ఉన్నారు. అబెర్‌కార్న్ ప్రభువుగారి భార్య అయితే అతిథులను టెస్ గురించి అడిగేదట. ఉరి తగినదే అన్నవాళ్ళను ఒక జట్టులోను, అయ్యో పాపం అన్నవాళ్ళను ఇంకో జట్టులోను వేసుకునేదట. బెజ్జంకి అరుగు మీద మేం ఎవరూ అడక్కుండానే జట్లయ్యాం.

పొద్దున్నే మనం తలుచుకునే పంచకన్యల్లో మొదటి పేరు అహల్యది. ఆమెను తలుచుకోవడానికి అభ్యంతరం లేదు, పక్కవీధి అహల్యతోనే చిక్కు. లండన్ టెస్ కోసం కొట్టుకుంటున్న ఆ 1892లోనే విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడారు. వేశ్య మధురవాణిని అంత తెలివిగా, మంచిగా చూపడమేమిటని మనవాళ్ళు నొసలు చిట్లించారు. 1927లో చలం 'మైదానం' వచ్చాక సరేసరి. తలుపు వేసుకుని చదివినవాళ్ళే తలుపు తీసి తిట్టారు.

నన్ను నిలవనీయనిది మాత్రం ఉత్తరాల సంగతి. హార్డీ పోయాక భార్య పేరుతో వచ్చిన జీవితచరిత్రలో ఉంది. ఏంజెల్‌లాంటి మగవాళ్ళు కొందరు ఆయనకు రాశారట. అంతకన్నా ఎక్కువమంది ఆడవాళ్ళు రాశారట. మాకూ టెస్‌లాగే జరిగింది, భర్తకు చెప్పలేదు, ఇప్పుడేం చెయ్యమంటారు అని. కొందరు స్వయంగా కలుస్తామన్నారు. ఆయన విడాకుల కోర్టు జడ్జి అయిన స్నేహితుణ్ణి సలహా అడిగాడు. అవి నిజమైనవో కావో, ఒంటరిగా కలవవద్దు అన్నాడాయన. తనకూ అలాంటివి వస్తాయనీ, పట్టించుకోననీ చెప్పాడట. హార్డీ కూడా పట్టించుకోలేదు. నిజంగా కష్టంలో ఉన్నవాళ్ళే రాసి ఉంటారేమోనని మాత్రం అప్పుడప్పుడు బాధపడేవాడట.

ఇదంతా ఆ రాత్రి వాళ్ళకీ చెప్పాను. జడ్జి మాట సబబే అంది టీచరమ్మ. బీడీలావిడ కట్టలు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది.

తెల్లవారి నేను బస్సుకు బయలుదేరుతుంటే పెద్దమ్మ తులసికోట దగ్గర నీళ్ళు పోస్తోంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"గా ఉత్తరాలు రాసిన ఆడోళ్లకు ఆయన జవాబే ఇయ్యలేదా బిడ్డా?"

"ఇవ్వలేదు పెద్దమ్మా."

"ఒక్కదానికన్నా రాస్తే బాగుండు" అని, చెంబులో మిగిలిన నీళ్ళు తులసి మొదట్లో పోసింది.