నంబరు చేతికొచ్చాక కూడా ఎందుకు తరిమారు? స్కాట్ వర్సెస్ హారిస్ తీర్పుపై ఒక పునఃపరిశీలన

అమెరికా పోలీసు ఛేజింగుల మీద వచ్చిన న్యాయశాస్త్ర రచన ఏది తిరగేసినా ముందుగా ఒక వీడియో టేపు ఎదురవుతుంది. 2007 ఏప్రిల్ 30న స్కాట్ వర్సెస్ హారిస్ కేసులో తీర్పు ఇస్తూ ఆ దేశ సుప్రీంకోర్టు పోలీసు కారు డ్యాష్‌క్యామ్ రికార్డు చేసిన టేపును తన వెబ్‌సైటులోనే ఉంచింది. టేపే అంతా చెబుతోంది, మేం వేరే చెప్పేదేముంది అన్న ధోరణిలో జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా తీర్పు రాశారు. ఇక అప్పటినుంచి పండితులకు ఆ టేపే గర్భగుడి. ఎవరి కంటికి ఏం కనిపించింది, ఎందుకలా కనిపించిందన్న చర్చ పెరిగిందే గాని, పోలీసు వైర్‌లెస్‌లో ఆ రాత్రి ఏం వినిపించిందన్న ప్రశ్నను పట్టించుకున్నవారు తక్కువ. ఈ వ్యాసం పని ఆ వైర్‌లెస్‌తోనే.

2001 మార్చి, జార్జియా రాష్ట్రం, కోవెటా కౌంటీ. గంటకు 55 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద హారిస్ అనే పంతొమ్మిదేళ్ల యువకుడు 73 మైళ్ల వేగంతో వెళుతున్నాడు. మన లెక్కలో సుమారు 117 కిలోమీటర్లు. డెప్యూటీ ఒకరు లైట్లు వేసి ఆపబోయారు. కారు ఆగలేదు, వేగం పెంచింది. ఆ డెప్యూటీ వైర్‌లెస్‌లో రెండు సంగతులు చెప్పారు: ఒక వాహనం ఆగకుండా పారిపోతోంది, దాని నంబరు ఇదీ. అతివేగం తప్ప వేరే నేరమేదీ లేదన్న మూడో సంగతి మాత్రం చెప్పలేదు. ఆ పిలుపు విని మధ్యలో వచ్చి కలిసిన అధికారే స్కాట్. తాను తరుముతున్న మనిషి చేసిన నేరమేమిటో ఆయనకు తెలియదు. దారిలో ఒక షాపింగ్ సెంటర్ పార్కింగు స్థలంలో పోలీసు కార్లు ఆ కారును చుట్టుముట్టబోయాయి. అది స్కాట్ కారును రాసుకుంటూ తప్పించుకుని మళ్లీ రెండు వరసల రోడ్డెక్కింది. అప్పటినుంచి స్కాట్ ముందు నడిచారు. కారును అడ్డుకుని ఆపేందుకు పై అధికారిని అనుమతి అడిగారు. ఛేజింగ్ ఎందుకు మొదలైందో ఆ పై అధికారీ అడగలేదు, అనుమతి మాత్రం ఇచ్చేశారు. మొదలైన ఆరు నిమిషాలకు, దాదాపు పది మైళ్ల అవతల, స్కాట్ తన కారు ముందు బంపరుతో ఆ కారును వెనకనుంచి గుద్దారు. కారు గట్టు దిగి పల్టీలు కొట్టింది. యువకుడికి కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయాయి.

ఈ వరసలో నా దృష్టి నిలిచేది నంబరు దగ్గర. నంబరు వైర్‌లెస్‌లో పలికిన క్షణానే పోలీసులకు కావలసిన ఆచూకీ దొరికింది. తెల్లవారాక వెళ్లి తలుపు తడితే సరిపోయే కేసు. అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ ఒక్కరే ఈ సంగతిని పట్టుకున్నారు. ఎనిమిది మంది స్కాట్ వైపు, ఆయనొక్కరే మరోవైపు. అప్పటికి ఆయన వయసు 87. సహచర న్యాయమూర్తులు సూపర్ హైవేల కాలంలో కాకుండా రెండు వరసల రోడ్ల కాలంలో డ్రైవింగ్ నేర్చుకుని ఉంటే ఆ టేపు చూసి ఇంతగా బెదిరిపోయేవారు కాదేమోనని చురక కూడా వేశారు. ముందున్న కార్లను దాటేటప్పుడు ఆ కుర్రవాడు ఇండికేటర్ వేశాడనీ, దారిలోని కార్లు సైరన్ విని పక్కకు తప్పుకున్నాయనీ ఆయన గమనించారు. ఇండికేటర్ వేస్తూ పారిపోయేవాణ్ని ఉన్మాది అనడం కష్టమే.

వదిలేసి తర్వాత పట్టుకోవచ్చన్న వాదనకు మెజారిటీ ఇచ్చిన జవాబు రెండు ముక్కలు. వదిలేసినంత మాత్రాన అతను నెమ్మదిస్తాడన్న హామీ లేదు. పైగా వేగంగా పోతే వదిలేస్తారన్న ఆశ పారిపోయేవాళ్లకు కలుగుతుంది. మొదటిది ఊహ. రెండోది కూడా ఊహే, కాకపోతే కాస్త పెద్ద ఊహ. తీర్పు నిజంగా ఆధారపడింది ఈ రెంటి మీదా కాదు, తప్పెవరిదన్న తూకం మీద. తనను, ఇతరులను ప్రమాదంలోకి నెట్టినవాడు పారిపోయినవాడేనని కోర్టు తేల్చింది. లెక్క పారిపోవడం దగ్గర మొదలుపెడితే జవాబు అలాగే వస్తుంది. లైట్లు వేయడం దగ్గరో, నంబరు చదవడం దగ్గరో మొదలుపెడితే వేరుగా వస్తుంది.

ఇక్కడే నా పేచీ డాన్ కహాన్, డేవిడ్ హాఫ్‌మన్, డొనాల్డ్ బ్రామన్‌లతో. 2009లో హార్వర్డ్ లా రివ్యూలో వచ్చిన వారి వ్యాసం ఈ రంగంలో శిలాశాసనంలా చెలామణీ అవుతోంది. 1,350 మంది అమెరికన్లకు ఆ టేపు చూపించి అభిప్రాయాలు అడిగారు. ఎక్కువమంది కోర్టుతోనే ఏకీభవించారు. కానీ జాతి, ఆదాయం, రాజకీయ విశ్వాసాలను బట్టి చూపులు చీలాయి. కాబట్టి టేపు తానుగా ఏమీ మాట్లాడదని వారి సిద్ధాంతం. బాగానే ఉంది. అయితే వారు కోర్టును తప్పుపడుతూనే కోర్టు గీసిన గిరిలోనే కూర్చున్నారు. పోలీసులు వదిలేసి తర్వాత వెతికి పట్టుకుని ఉండాల్సిందా అన్న ప్రశ్న వారి జాబితాలో ఉంది, నిజమే. కానీ జవాబు చెప్పేవాడి కన్ను అప్పటికే పోలీసు కారు అద్దం వెనక ఉంది. ఆ కెమెరాకు ముందు కారు ఎర్రలైట్లు కనిపిస్తాయి, తానున్న కారు వేగం కనిపించదు. తరిమే కారు కూడా అదే రోడ్డు మీద, అవే వాహనాల మధ్య, అంతే వేగంతో దూసుకుపోతోందన్న నిజాన్ని ఏ డ్యాష్‌క్యామూ చిత్రించలేదు. ప్రేక్షకుల సంస్కృతిని అన్ని గడుల్లో కొలిచిన ఈ ముగ్గురూ వారిని కూర్చోబెట్టిన సీటును కొలవలేదు.

ఆ సీటులో ఎంత ప్రమాదం ఉంటుందో శాక్రమెంటో కౌంటీ వర్సెస్ లూయిస్ కేసులో అంకెలతో సహా ఉంది. 1990 మే నెలలో ఒక మోటారుసైకిల్‌ను ఆపమంటే ఆగలేదు. ఛేజింగ్ సాగింది 75 సెకన్లు, దూరం 1.3 మైళ్లు. గస్తీ కారు వేగం వంద మైళ్ల దాకా పెరిగింది, ముందున్న బండికి వంద అడుగుల దగ్గరికి చేరింది. ఆ వేగంలో కారు ఆగాలంటే 650 అడుగులు కావాలి. బండి ఒరిగిపోయింది, కారు ఆగలేదు. వెనక కూర్చున్న పదహారేళ్ల బాలుడు చనిపోయాడు. నడిపినవాడు బతికాడు. 1998లో సుప్రీంకోర్టు అధికారిని తప్పుపట్టలేదు. తెలుగు పాఠకులకు ఇది దూరపు సంగతేమీ కాదు. 2023 జనవరిలో సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న కర్నూలు జిల్లా విద్యార్థినిని ఢీకొన్న పోలీసు కారు 25 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ల దాకా వెళ్లింది. అది ఛేజింగ్ కాదు, అత్యవసర పిలుపు. కానీ వేగం పోలీసుది కాబట్టి అది ప్రమాదం లెక్కలోకి రాదన్న మనస్తత్వం రెండుచోట్లా ఒకటే.

ఛేజింగ్ పుట్టేది పారిపోయేవాడి బుర్రలో కాదు, పోలీసు శాఖ రాసుకున్న నిబంధనల్లో అనడానికి జెఫ్రీ ఆల్పర్ట్ 1997లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్ కోసం రాసిన నివేదిక చాలు. మయామీ పరిసరాల మెట్రో-డేడ్ పోలీసులు 1992లో హింసాత్మక నేరాలకు తప్ప తరమకూడదని నియమం పెట్టుకున్నారు. ఛేజింగులు 279 నుంచి మరుసటి ఏడాదికి 51కి పడిపోయాయి. ఒమాహా పోలీసులు 1993లో నియమాన్ని సడలించారు. అక్కడ 17 కాస్తా 122 అయ్యాయి. అటు మయామీలో నేరస్థులకు ఒక్కసారిగా బుద్ధొచ్చిందనీ, ఇటు ఒమాహాలో అందరికీ మతి పోయిందనీ ఎవరూ అనలేరు.

హైదరాబాద్ కూడళ్లలో నిలబడి చూసినవారికి ఇందులో వింతేమీ తోచదు. హెల్మెట్ లేనివాడు, సిగ్నల్ దాటినవాడు కానిస్టేబుల్‌ను చూసి తప్పుకుని పోతాడు. కానిస్టేబుల్ పరిగెత్తడు. కెమెరా ఎత్తి వెనక నంబరు ప్లేటు ఫొటో తీస్తాడు, ఈ-చలాన్ ఇంటికి చేరుతుంది. కారు నంబరును సాక్ష్యంగా చూసే వ్యవస్థకూ, మనిషి ఒంటినే సాక్ష్యంగా చూసే వ్యవస్థకూ ఉన్న తేడా ఇదేనని నా వాదన. బకాయిలు పేరుకుపోయి 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ద్విచక్ర వాహనాలకు 75 శాతం రాయితీ ఇవ్వాల్సి వచ్చిందన్నది నిజమే. దొంగ బండికి నంబరుతో పనిలేదన్నదీ నిజమే. అవి వసూళ్ల సమస్యలు, ఛేజింగును సమర్థించవు.

స్కాట్ తీర్పు తర్వాత అమెరికా కోర్టులు లెక్కను ఎక్కడనుంచి మొదలుపెడుతున్నాయో 2014 నాటి ప్లమ్‌హాఫ్ వర్సెస్ రికార్డ్ చూపిస్తుంది. 2004 జులై 18న, అర్ధరాత్రి కావస్తుండగా ఆర్కన్సాస్‌లోని వెస్ట్ మెంఫిస్‌లో ఒక హోండా అకార్డ్‌ను ఆపారు. ఒక హెడ్‌లైట్ వెలగడం లేదన్నదే కారణం. ముందు అద్దం మీద తలకాయంత సొట్ట ఉంది. తాగావా అని అధికారి అడిగాడు, లేదన్నాడు డ్రైవరు. లైసెన్సు చూపలేదు. కిందికి దిగమనగానే బండిని పరుగెత్తించాడు. ఛేజింగ్ వంద మైళ్ల వేగం దాటి నది అవతల టెనెసీలోని మెంఫిస్‌లో ముగిసింది. పోలీసులు పేల్చిన తూటాలు పదిహేను. డ్రైవరు, పక్క సీటులోని మహిళ ఇద్దరూ చనిపోయారు. వెలగని హెడ్‌లైట్ సంగతి కోర్టు చెప్పిన వాస్తవాల వరసలో ఉంది. పదిహేను తూటాలూ సబబేనని న్యాయమూర్తులు తేల్చిన తూకంలోకి మాత్రం దాన్ని ఎక్కించలేదు.