ప్రతి వారం రాయాలి, మరి టైమ్ ఎక్కడిది? గాంధీజీ డెడ్‌లైన్ల కథ

వారం వారం ఏదో ఒకటి పోస్ట్ చేయాల్సిన పని మీలో చాలామందికి ఉంటుంది. రెండు నెలలు బాగానే నడుస్తుంది, తర్వాత ఊపిరాడదు. ఇవాళ ఇదే పనిని 1903 నుంచి 1948 దాకా, మధ్యలో గ్యాపులతో, మోసిన మనిషి గురించి మాట్లాడుకుందాం. గాంధీజీ. ఆయన్ని మనం నోటు మీద చూస్తాం గానీ, పత్రికలవాడిగా పెద్దగా చూడం.

దక్షిణాఫ్రికాలో 'ఇండియన్ ఒపీనియన్', ఇక్కడికొచ్చాక 1919 నుంచి గుజరాతీలో 'నవజీవన్', ఇంగ్లీషులో 'యంగ్ ఇండియా', 1933 నుంచి 'హరిజన్'. అన్నీ ఠంచనుగా రావాల్సిన పత్రికలే. వీటితోపాటు సభలు, రైళ్ళు, కుప్పలు కుప్పలుగా ఉత్తరాలు. ఈయన రాసినవి, మాట్లాడినవి ఇంగ్లీషులో అచ్చేస్తే 100 సంపుటాలయ్యాయి!

1909 నవంబరులో లండన్ నుంచి దక్షిణాఫ్రికాకి ఓడలో వెళ్తూ 'హింద్ స్వరాజ్' పది రోజుల్లో రాసేశారు. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో రాశారు. వినడానికి బాగుంది కదా? కానీ అలా రోజూ రాయలేం. ఆయనకీ ఆ సంగతి తెలుసు.

అందుకే నాకు నచ్చేది 1925 నాటి విషయం. స్వామి ఆనంద్ అనే సహచరుడు పట్టుబట్టాడు, ఆత్మకథని పుస్తకంగా రాయమని. నాకు ఖాళీ ఏదీ అన్నారు గాంధీజీ. నవజీవన్‌కి ఎలాగూ వారానికి ఏదో ఒకటి రాయాలి, అదేదో ఆత్మకథే అయితే సరిపోదా అని లెక్కేశారు. అంటే కొత్త పని నెత్తిన పెట్టుకోలేదు, ఉన్న పనిలోనే దాన్ని ఇరికించారు. వారానికో అధ్యాయం చొప్పున 1929 దాకా వచ్చింది. 'సత్యశోధన' అని మనం చదివే పుస్తకం అలా పుట్టిందే.

ఇంకోటి, సోమవారం మౌనం. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడరు, చెప్పాల్సింది కాగితం ముక్క మీద రాసిస్తారు. అది ఆయనకి వ్రతమే, కాదనను. కానీ పేరుకుపోయిన రాతపని తేలేది కూడా ఆ రోజే. మన భాషలో చెప్పాలంటే ఫోన్ స్విచాఫ్.

1922లో యంగ్ ఇండియాలో రాసిన మూడు వ్యాసాలకి ఆరేళ్ళ జైలుశిక్ష పడింది. పోస్ట్ డిలీట్ అవ్వడం కాదండీ, ఆరేళ్ళు! రెండేళ్ళకే వదిలేశారు, అది వేరే విషయం.

సరే, ఇంత పని ఒక్కడే చేశాడా? లేదు. ఇక్కడే అసలు మనిషి వస్తాడు. మహదేవ్ దేశాయ్. 1917 నుంచి పాతికేళ్ళు ఆయన సెక్రటరీ. నోట్స్ తీసుకోవడం, ఉత్తరాలు చూడటం, పత్రికలకి వ్యాసాలు, అనువాదాలు, రాత్రి కూర్చుని డైరీ. ఆత్మకథని ఇంగ్లీషులోకి తెచ్చింది కూడా ఎక్కువ భాగం ఈయనే, చివర్లో కొన్ని అధ్యాయాలు ప్యారేలాల్. గాంధీజీకి సోమవారం ఉంది. మహదేవ్‌కి ఏ వారం ఉంది?

వార్ధా ఎండల్లో సేవాగ్రామ్‌కి నడిచి వెళ్ళడం, మళ్ళీ నడిచి రావడం. 1938 నాటికి ఆరోగ్యం దెబ్బతింది. అయినా పని ఆగలేదు. గాంధీజీ టైమ్ మేనేజ్‌మెంట్ అని పొగిడేవాళ్ళు ఈ సంగతి చెప్పరు, నాకు అది నచ్చదు. ఆయన మిగుల్చుకున్న గంటల్లో చాలా గంటలు మహదేవ్‌వి.

1942 ఆగస్టులో క్విట్ ఇండియా. ఇద్దర్నీ పుణేలో ఆగాఖాన్ ప్యాలెస్‌లో బంధించారు. వారం తిరగకుండానే, ఆగస్టు 15న, గుండెపోటుతో మహదేవ్ పోయారు. 50 ఏళ్ళే. చితికి నిప్పు పెట్టింది గాంధీజీయే. అక్కడున్నన్నాళ్ళూ రోజూ ఆ సమాధి దగ్గరికి పూలతో వెళ్ళేవారు. 1944 ఫిబ్రవరిలో కస్తూర్బా కూడా అక్కడే కన్నుమూశారు. రెండు సమాధులూ పక్కపక్కనే ఉంటాయి, పుణే వెళ్తే చూడొచ్చు.

మహదేవ్ రాసిన డైరీలు ఆయన పోయాక సంపుటాలుగా అచ్చయ్యాయి. వాటి గురించి వచ్చే ఎపిసోడ్‌లో.