జన్యు చికిత్స ప్రయోగాలు: సమ్మతి పత్రం నుంచి 15 ఏళ్ల పరిశీలన దాకా

తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన రైల్వే పట్టణం పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. ఆ స్టేషన్ మీదుగా దక్షిణాదికి సాగే రైళ్లలో వెల్లూరు వైద్యానికి బయలుదేరినవారు తరచూ కనిపిస్తారు. హీమోఫీలియా-ఎ వ్యాధికి దేశంలో తొలి జన్యు చికిత్స ప్రయోగం జరిగింది వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనే. చికిత్స పొందిన అయిదుగురి ఫలితాలు 2024 డిసెంబరులో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడ్డాయి. పరిశీలన కాలంలో వారిలో రక్తస్రావ ఘటనలు నమోదు కాలేదు.

రోగి మూలకణాలనే సేకరించి, వ్యాధి కలిగించకుండా మార్చిన వైరస్ సాయంతో వాటిలోకి అవసరమైన జన్యువును చేర్చి, తిరిగి శరీరంలోకి ఎక్కించడం ఈ విధానం. అయితే చేర్చిన జన్యువు కణంలో ఎక్కడ కుదురుకొంటుందన్నది పూర్తిగా వైద్యుల చేతిలో ఉండదు. రోగనిరోధక శక్తి లోపంతో పుట్టిన చిన్నారులకు పారిస్‌లో చేసిన ఇటువంటి చికిత్స మొదట ఫలించింది. సుమారు మూడేళ్ల తర్వాత కొందరిలో రక్త క్యాన్సర్ బయటపడింది. నేటి వాహక వైరస్‌లు అప్పటివాటికంటే సురక్షితమైనవే. అయినా కీడు ఆలస్యంగా కనిపించవచ్చు గనుక, జన్యుక్రమంలో కలిసిపోయే వాహకాలతో చికిత్స పొందినవారిని 15 ఏళ్ల వరకు పరిశీలించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచిస్తోంది.

భారత వైద్య పరిశోధన మండలి 2019లో జన్యు చికిత్సలకు జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. జీవభద్రత సంఘం, నైతిక సంఘాల పరిశీలన దాటి, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందాకే ప్రయోగం మొదలు కావాలి. వంశపారంపర్యంగా సంక్రమించే జన్యు మార్పులతో చికిత్స నిషిద్ధం. చైనాలో పిండాల జన్యువులను సవరించి కవలలు పుట్టినట్లు 2018లో ప్రకటించిన హె జియాంకుయ్‌కు మరుసటి ఏడాది మూడేళ్ల జైలుశిక్ష పడింది.

కాగితంపై నిబంధనలు ఇంత పకడ్బందీగా ఉన్నా, బలహీనపడేది తరచూ సమ్మతి దగ్గరే. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చిన అధ్యయనం ఇందుకు తెలుగునాట తెలిసిన ఉదాహరణ. తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు పలు పత్రాలపై సంతకాలు చేసినట్లు విచారణలో తేలింది. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అది జన్యు చికిత్స కాదు. కానీ లోపం అదే కోవకు చెందినది.

ప్రయోగంలో పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలోనే వివరాలు ఇవ్వాలన్నది నిబంధన. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో బెంగాలీనో హిందీనో చదివిన కుటుంబానికి ఏ భాషలోని పత్రం అర్థమవుతుందో అడిగి తెలుసుకోవలసిందే. చిరునామా చూసి ఊహించేది కాదు. పరీక్షల కోసం ఎన్నేళ్లపాటు తిరిగి రావాలో, ఇంటికి చేరాక జ్వరమో రక్తహీనతో కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో, హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఎవరు భరిస్తారో సంతకానికి ముందే వారికి తెలియాలి.